పాత కారు సెల్ఫ్ తీసుకోవట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

కార్బురేటర్ కార్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్ కొత్తగా వచ్చిన రోజుల నాటి కార్లు ఇంకా నడుపుతున్న వాళ్ల కోసం ఈ పేజీ. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేకపోవడం, టిక్కుమని ఆగిపోవడం, ఈడ్చుకుంటూ తిరగడం, బాగానే తిరిగినా అంటుకోకపోవడం... ఈ మొరాయింపుల్లో కరెంటు వైపు నుంచి వచ్చేవాటినే ఇక్కడ చూద్దాం. స్టార్టర్ మోటార్‌ని అందరూ సెల్ఫ్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

బండి స్టార్ట్ కాలేదు. ముందుగా ఏం చూడాలి?

చూడటం తర్వాత, ముందు వినండి. ఇంజన్ తిరుగుతోందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. తిరగకపోతే లోపం బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్, దాన్ని పిలిచే చిన్న వైర్లు, వీటిలో ఎక్కడో ఉంటుంది. మామూలు వేగంతో తిరుగుతూ కూడా అంటుకోకపోతే సెల్ఫ్ జోలికి వెళ్లక్కర్లేదు, స్పార్క్ వైపో పెట్రోల్ వైపో చూడాలి. ఈ రెండిటినీ కలిపేసుకుని "స్టార్టింగ్ ట్రబుల్" అని ఒక్క మాటలో చెప్పడం వల్లే బాగున్న బ్యాటరీలు, బాగున్న సెల్ఫ్‌లు మారిపోతుంటాయి.

హెడ్‌లైట్ల పరీక్ష అంటారు కదా, అదెలా చేయాలి?

చీకట్లోనో గోడ ఎదురుగానో బండి ఉన్నప్పుడు హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా బ్యాటరీ టెర్మినల్ దగ్గరే పట్టు లేకపోయి ఉండాలి. చెక్కు చెదరకుండా వెలుగుతుంటే సెల్ఫ్‌కి కరెంటు వెళ్లనే లేదని అర్థం. బాగా మందగించి, సెల్ఫ్ మాత్రం తిరగకపోతే కరెంటు వెళ్తోంది కానీ పని జరగట్లేదు: బ్యాటరీ బలహీనమై ఉండొచ్చు, సెల్ఫ్ లోపల పట్టేసి ఉండొచ్చు, అరుదుగా ఇంజనే బిగుసుకుపోయి ఉండొచ్చు. కొద్దిగా మందగించి ఇంజన్ తిరిగితే అది మామూలే.

ఏ పనిముట్టూ లేకుండా అర నిమిషంలో అయిపోయే పరీక్ష ఇది. మీటరు కొన్న తర్వాత కూడా నేను మొదట చేసేది ఇదే.

మల్టీమీటర్‌తో బ్యాటరీ ఎంత చూపించాలి?

బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 నుంచి 12.7 వోల్టుల దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 దగ్గర ముప్పాతిక వంతు, 12.2 దగ్గర సగం, 12.0 అంటే పావు వంతు మిగిలినట్టు లెక్క. ఛార్జి ఎక్కించినా 10.5 చుట్టూ వచ్చి ఆగిపోతుంటే ఆరు సెల్స్‌లో ఒకటి పోయినట్టే. ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది, లెక్క సరిపోతుంది.

అప్పుడే బండి ఆపి కొలిస్తే లేని బలం కనిపిస్తుంది. ఒకట్రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించి, ఆర్పి, కాస్త ఆగి కొలవండి.

మూతలు తెరుచుకునే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్ (లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే సాధనం) ఇంకా నమ్మకమైనది. నిండు ఛార్జిలో ప్రతి సెల్ 1.265 నుంచి 1.280 మధ్య చూపాలి. ఐదు సెల్స్ ఒకలా ఉండి ఒకటి మాత్రం బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు.

నా బ్యాటరీ 12.6 చూపిస్తోంది. అయినా సెల్ఫ్ తిరగట్లేదు. మీటర్ తప్పా?

మీటర్ తప్పు కాదు, కొలిచిన సమయం తప్పు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపులో సగం మట్టి పేరుకున్నా నీటి ఒత్తిడి నిండుగానే ఉంటుంది. తిప్పినప్పుడు కదా బండారం బయటపడేది! కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన టెర్మినల్, తెగడానికి సిద్ధంగా ఉన్న కేబుల్, ముసలి బ్యాటరీ అన్నీ 12 వోల్టులే చూపిస్తాయి.

కాబట్టి మీటర్ ముళ్లు (దాని వైర్ల కొనల్లో ఉండే మొనలు) బ్యాటరీ మీద ఉంచి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. తిరుగుతున్నంతసేపూ 9.6 వోల్టుల కంటే కిందికి పోకూడదు. ఆరోగ్యంగా ఉన్న బండిలో 10 పైనే నిలబడుతుంది. 7కో 8కో జారిపోతే బ్యాటరీ నీరసించింది, లేదా సెల్ఫ్ మితిమీరి లాగుతోంది. తాళం తిప్పినా 12.5 దగ్గర కదలకుండా ఉంటే బ్యాటరీని వదిలేయండి, అసలు దాన్ని ఎవరూ పని అడగలేదు.

ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: కొలత ఎప్పుడూ తాళం తిప్పి పట్టుకున్నప్పుడే తీయాలి.

టిక్కుమని ఒక్కసారే శబ్దం వచ్చి ఆగిపోతుంది. సెల్ఫ్ పోయినట్టేనా?

పోయి ఉండొచ్చు. అయినా ఇంకా విప్పకండి.

ఆ టిక్కు సాలినాయిడ్‌ది (సెల్ఫ్‌కి పెద్ద కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్). అంటే తాళం, చిన్న వైరు, సాలినాయిడ్ కాయిల్ బాగానే ఉన్నాయి, లోపలి ఇనుప కడ్డీ ముందుకు దూకింది. ఆ తర్వాత పెద్ద కరెంటు దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఆ దారి ఇలా ఉంటుంది: బ్యాటరీ ప్లస్ స్తంభం, దాని క్లాంపు, లావు కేబుల్, సాలినాయిడ్ మీది పెద్ద బోల్టు, లోపలి రాగి కాంటాక్టులు, మోటార్, సెల్ఫ్ బాడీ, ఇంజన్, ఎర్త్ పట్టీ, మళ్లీ బ్యాటరీ మైనస్. ఈ గొలుసులో ఏ లంకె తప్పినా బయటికి వినిపించేది అదే టిక్కు.

ఇందులో తప్పు లంకెను పట్టే పద్ధతి వోల్టేజ్ డ్రాప్ కొలవడం. ముందు ఇంజన్ స్టార్ట్ అయిపోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కి (స్పార్క్ పుట్టించేది, సాలినాయిడ్‌ది కాదు) వచ్చే సన్న వైరు తీసేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టండి. ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ స్తంభం మీద పెట్టాలి, క్లాంపు మీద కాదు, నడిమి సీసం మీదే. నల్ల ముల్లు సాలినాయిడ్‌కి కేబుల్ వచ్చి చేరే బోల్టు మీద. తాళం తిప్పకముందు సున్నా ఉంటుంది. తిప్పి పట్టుకున్నప్పుడు ఎంత చూపిస్తే అంత వోల్టేజీ ఆ దారిలోనే వృథా అవుతోందన్నమాట. 0.2 ఉంటే చాలా బాగుంది, 0.5 దాటితే ఆ దారిలో దొంగ ఉన్నాడు.

తర్వాత రెండు ముళ్లూ సాలినాయిడ్ మీది రెండు పెద్ద బోల్టులకు పెట్టండి: ఒకటి కేబుల్ వచ్చేది, ఇంకోటి మోటార్ లోపలికి వెళ్లేది. తాళం తిప్పకముందు ఇక్కడ 12 వోల్టులు కనిపిస్తాయి, కంగారు పడకండి. తిప్పి పట్టుకుంటే 0.3 లోపలికి పడిపోవాలి. టిక్కుమన్నాక కూడా 12 దగ్గరే ఉండిపోతే లోపలి రాగి కాంటాక్టులు కాలి అరిగిపోయాయి. చాలా సెల్ఫ్‌లలో ఆ కాంటాక్టులు మాత్రమే మార్చుకోవచ్చు, మొత్తం సెల్ఫ్ మార్చనక్కర్లేదు.

ఆఖరున ఎర్త్ వైపు. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ స్తంభం మీద, ఇంకోటి సెల్ఫ్ బాడీ మీద. తిప్పినప్పుడు 0.2 లేదా 0.3 మించకూడదు.

మూడూ బాగుండి, మోటార్ బోల్టు దాకా 10 వోల్టులకు పైగా చేరుతున్నా అది తిరగకపోతే, అప్పుడు సెల్ఫ్ విప్పండి.

వోల్టేజ్ డ్రాప్ బదులు ఓమ్స్‌లో కేబుల్ కొలిస్తే సరిపోదా?

సరిపోదు. చిన్న పెట్రోల్ ఇంజన్ సెల్ఫ్ కూడా సుమారు 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. 150 ఆంపియర్లు పారే దారిలో 0.01 ఓమ్ అడ్డు ఉన్నా 1.5 వోల్టులు పోతాయి. మామూలు మల్టీమీటర్ వైర్లకే అంతకు ఎన్నో రెట్ల రెసిస్టెన్స్ ఉంటుంది, 0.01 దానికి కనిపించదు. యాభై తీగల కేబుల్‌లో ఒక్క తీగ మిగిలి ఉన్నా ఓమ్ మీటర్ బాగుందనే చెప్తుంది.

ఇంకో చిట్కా. ఆ 1.5 వోల్టులు, 150 ఆంపియర్లు కలిస్తే 225 వాట్లు. అదంతా ఒక చిన్న జాయింటులో వేడిగా మారుతుంది. అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాక జాయింట్లను వేలి కొసతో ఒక్కొక్కటే జాగ్రత్తగా తాకి చూడండి. వేడిగా తగిలిన చోటే లోపం. మీటర్ లేని రోజుల్లో పాత మెకానిక్‌లు సగం లోపాలు ఇలాగే పట్టేవాళ్లు.

టకటకటకమని వరసగా కొట్టుకుంటుంది. ఇదేంటి?

ఎక్కువసార్లు బ్యాటరీ దిగిపోవడమే. సాలినాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి: ఒకటి కడ్డీని లాగడానికి, ఒకటి లాగాక పట్టి ఉంచడానికి. కాంటాక్టులు కలవగానే లాగే చుట్టు పని మానేస్తుంది. అదే క్షణంలో మోటార్ భారం పడి వోల్టేజీ కూలిపోతుంది. పట్టి ఉంచే చుట్టుకు ఆ వోల్టేజీ చాలక కడ్డీ వెనక్కి జారుతుంది. భారం తగ్గి వోల్టేజీ లేస్తుంది, కడ్డీ మళ్లీ దూకుతుంది. ఇలా సెకనుకు పలుమార్లు జరుగుతుంది.

ఛార్జి ఎక్కించిన మంచి బ్యాటరీతోనూ ఇదే శబ్దం వస్తే టెర్మినల్స్, ఎర్త్ చూడండి. అవీ బాగుంటే పట్టి ఉంచే చుట్టు తెగి ఉంటుంది.

ఎర్త్ పట్టీ అంత ముఖ్యమా? చిన్న జడ తీగే కదా.

నా అనుభవం చెప్తాను. ఒక వర్షాకాలమంతా నా బండి ఒక రోజు మామూలుగా, ఒక రోజు ఏడుస్తూ స్టార్ట్ అయ్యేది. కొత్త బ్యాటరీ వేయించాను. వారం బాగుంది. తర్వాత సెల్ఫ్ విప్పి బ్రష్‌లు (మోటార్‌కి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) మార్పించాను. మళ్లీ వారం బాగుంది. ఒక పొద్దున వరసగా నాలుగైదు సార్లు కొట్టాక చోక్ లాగబోతే ఆ కేబుల్ చెయ్యి కాలేంత వేడిగా ఉంది. చోక్ కేబుల్‌కి వేడి ఎందుకు? ఇంజన్‌ని బాడీకి కలిపే జడ తీగ ఒక కొన దగ్గర పొడి పొడి అయిపోయింది. సెల్ఫ్ కరెంటు వెనక్కి వెళ్లడానికి దారి లేక, చోక్ తీగను దారి చేసుకుంది. బ్యాటరీ మార్చినప్పుడూ సెల్ఫ్ తీసినప్పుడూ ఆ పట్టీ కాస్త కదిలి వారం రోజులు పట్టు దొరికేదన్నమాట. మొత్తం వైద్యం ఒక జడ తీగ, రెండు బోల్టులు, కాస్త ఎమరీ కాగితం.

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు. ఆ పట్టీ తప్ప దానికి సరైన వాపసు దారి లేదు. అనుమానం ఉంటే జంపర్ కేబుల్ ఒకటి తీసి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ ఇనుముకి తగిలించి సెల్ఫ్ కొట్టండి. చురుగ్గా తిరిగితే దోషి దొరికినట్టే. కొత్తది బిగించేటప్పుడు కింద ఉన్న పెయింటు, తుప్పు గీకి మెరిసే ఇనుము కనబడనివ్వండి.

టెర్మినల్స్ ఎలా శుభ్రం చేయాలి?

ముందు ఎర్త్ వైపు క్లాంపు తీయాలి, బిగించేటప్పుడు అది ఆఖరున. తెల్లటి, ఆకుపచ్చటి పొక్కుల మీద వంటసోడా కలిపిన నీళ్లు పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సెల్స్ లోపలికి మాత్రం ఆ నీళ్లు పోకూడదు. ఆరాక స్తంభాన్నీ, క్లాంపు లోపలి గోడనూ ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. పైకి బాగున్న క్లాంపు లోపల నల్లటి పొర ఉండటం మామూలే, అందుకే విప్పకుండా చూసి బాగుందనుకోకూడదు. కేబుల్ కొనలో ఇన్సులేషన్ ఉబ్బినట్టు కనిపిస్తే లోపల రాగి పచ్చబడి పొడైపోయి ఉంటుంది. అలాంటి కేబుల్ మార్చాల్సిందే.

తాళం తిప్పితే టిక్కు కూడా లేదు. డ్యాష్‌బోర్డ్ లైట్లు మాత్రం వెలుగుతున్నాయి.

ఇది చిన్న వైరు సమస్య. సాలినాయిడ్ మీద సన్నటి వైరు తగిలే టెర్మినల్ ఒకటి ఉంటుంది. చాలా బండ్లలో దాని పక్కన 50 అంకె ఉంటుంది, పెద్ద బోల్టు పక్కన 30. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు ఆ 50 దగ్గర బ్యాటరీ వోల్టేజీకి కాస్త అటూ ఇటూగా రావాలి. ఒక వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే దారిలో ఎక్కడో అరిగింది.

అక్కడికి కరెంటు వస్తున్నా చడీ చప్పుడూ లేకపోతే సాలినాయిడ్ పోయింది. రాకపోతే వెనక్కి నడవండి: స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉంటే అది, ఆటోమేటిక్ గేరు బండిలో న్యూట్రల్ స్విచ్, కొన్ని మాన్యువల్ బండ్లలో క్లచ్ స్విచ్, చివరికి ఇగ్నిషన్ స్విచ్. ఆటోమేటిక్‌లో లీవర్‌ని పార్క్ నుంచి న్యూట్రల్‌కి మార్చి ప్రయత్నించండి. అక్కడ స్టార్ట్ అయితే ఆ స్విచ్ అరిగింది లేదా పక్కకు జరిగింది. తాళాన్ని కొంచెం అటూ ఇటూ కదిలిస్తే ఎప్పుడో ఒకసారి పట్టుకుంటుంటే ఇగ్నిషన్ స్విచ్ లోపలి ఇత్తడి బిళ్లలు అరిగాయి. తాళంచెవికి అరకిలో గుత్తి వేలాడదీసే అలవాటు ఉన్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

రిలే లేకుండా సాలినాయిడ్ కరెంటంతా స్విచ్ గుండానే పోయే పాత బండ్లలో ఒక రిలే అదనంగా పెట్టించుకోవడం మంచి పని. స్విచ్ మీద భారం తగ్గుతుంది, సాలినాయిడ్‌కి నిండు వోల్టేజీ అందుతుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది. ఇంజన్ వేడెక్కాక ఆపి, పది నిమిషాల తర్వాత కొడితే తీసుకోదు. ఎందుకని?

రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. 80 డిగ్రీలు పెరిగితే సుమారు 30 శాతం. సెల్ఫ్ ఎగ్జాస్ట్ గొట్టం పక్కనే ఉండే బండ్లలో ఆపిన తర్వాత ఆ వేడంతా దానికి ఎక్కుతుంది. సాలినాయిడ్ చుట్టు బలం తగ్గుతుంది, అరిగిన బుష్‌ల మీద ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) బిగుసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చిన బలహీనతలన్నీ వేడిలో ఒకేసారి బయటపడతాయి. కేబుల్ డ్రాప్‌లు వేడిగా ఉన్నప్పుడే కొలవండి, చిన్న వైరు వోల్టేజీ కూడా. అవి బాగుంటే సెల్ఫ్ రిపేరుకు వెళ్లాలి. ఎగ్జాస్ట్‌కీ సెల్ఫ్‌కీ మధ్య ఉండాల్సిన రేకు ఎవరైనా తీసేసి మళ్లీ పెట్టలేదేమో కూడా చూడండి. పాత బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

సెల్ఫ్ సుయ్యిమని తిరుగుతోంది కానీ ఇంజన్ కదలట్లేదు.

పళ్ల చక్రం ముందుకు రావట్లేదు, లేదా దాని వన్-వే క్లచ్ జారుతోంది. మెకానిక్ భాషలో బెండిక్స్ పోయింది. పాత రకం బెండిక్స్‌లో మురికి, గ్రీజు గడ్డకట్టినా ఇలాగే చేస్తుంది, కడిగితే బాగుపడుతుంది. కరకరమని లోహం రాసుకుంటే మాత్రం ఫ్లైవీల్ రింగ్ గేర్ (సెల్ఫ్ పళ్ల చక్రం తిప్పే ఇంజన్ వైపు పెద్ద చక్రం) పళ్లు చూడాలి. ఇంజన్ ఎప్పుడూ ఇంచుమించు అవే చోట్ల ఆగుతుంది కాబట్టి పళ్లు కూడా అక్కడే అరుగుతాయి.

సెల్ఫ్ మీద సుత్తితో తడితే స్టార్ట్ అవుతుంది. అలా చేయొచ్చా?

ఇంటికి చేరడానికి చేయొచ్చు. తడితే పని చేసిందంటే కార్బన్ బ్రష్‌లు అరిగి కమ్యుటేటర్‌ని (ఆర్మేచర్ మీది రాగి పట్టీలను) అందుకోలేకపోతున్నాయనీ, లేదా సాలినాయిడ్ పట్టేస్తోందనీ అర్థం. చెక్క పిడితో మెల్లగా కొట్టండి. పర్మనెంట్ మాగ్నెట్ రకం సెల్ఫ్‌లలో గట్టిగా కొడితే లోపల అయస్కాంతాలు పగులుతాయి. ఒకసారి తట్టాల్సి వచ్చిందంటే బ్రష్‌ల రోజులు దగ్గరపడ్డాయి.

స్క్రూడ్రైవర్‌తో సాలినాయిడ్ బోల్టులు కలిపితే తిరుగుతుందంటారు...

తిరుగుతుంది. గేరులో ఉంటే బండి మీ మీదికే వస్తుంది కూడా. రెండు పెద్ద బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ పెడితే కొన కరిగిపోయేంత మెరుపు వస్తుంది. చేయాల్సిందే అనుకుంటే 30 నుంచి 50 టెర్మినల్‌కి, గేరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకుని, రిమోట్ స్టార్టర్ స్విచ్‌తో చేయండి. బండి కింద పడుకుని మాత్రం వద్దు.

ఒక్కసారికి ఎంతసేపు సెల్ఫ్ కొట్టొచ్చు?

పది సెకన్లు, తర్వాత ఒకట్రెండు నిమిషాలు విరామం. చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చింది. కొన్ని సెకన్ల పనికి చిన్న మోటార్‌ని దాని స్థోమతకు మించి వాడుకోవచ్చన్నదే అందులోని కిటుకు. ఇప్పటికీ సెల్ఫ్‌లన్నీ ఆ లెక్కతోనే తయారవుతున్నాయి. నిమిషం సేపు పట్టుకుంటే చుట్లు మాడతాయి.

ఇంజన్ బాగా తిరుగుతోంది, అంటుకోవట్లేదు. స్పార్క్ వైపు ఎలా చూడాలి?

పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్), వాటికి తోడుగా కండెన్సర్ ఉన్న పాత ఇగ్నిషన్ అయితే టెస్ట్ ల్యాంప్ ఒక్కటి చాలు. క్లిప్పు ఎర్త్‌కి పెట్టి, మొనను కాయిల్ మైనస్ వైపు తాకించి సెల్ఫ్ కొట్టించండి. దీపం మినుకుమినుకుమంటే కాయిల్‌కి కరెంటు వస్తోంది, పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవట్లేదు లేదా మసిపట్టాయి. అసలు వెలగకపోతే కాయిల్‌కి కరెంటు రావట్లేదు, లేదా కాయిల్ లోపల తెగింది, లేదా పాయింట్లు తెరుచుకోవట్లేదు, కండెన్సర్ షార్ట్ అయినా ఇంతే. కాయిల్ ప్లస్ వైపు తాకిస్తే కరెంటు సంగతి వెంటనే తేలిపోతుంది.

నెలల తరబడి కదలని బండిలో పాయింట్ల మీద కనిపించని పొర పడుతుంది. మందపాటి శుభ్రమైన కాగితం ముక్కను వాటి మధ్య పెట్టి రెండు మూడుసార్లు లాగండి. ఎన్ని బండ్లు ఆ కాగితం ముక్కతో లేచి కూర్చున్నాయో! గ్యాప్ చాలా బండ్లలో 0.35 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్నదే పెట్టండి.

మినుకుమంటున్నా స్పార్క్ లేకపోతే ప్లగ్గు ఒకటి విప్పి, వైరు తగిలించి, దాని ఇనుము ఇంజన్‌కి ఆనేలా పెట్టి చూడండి. విప్పిన రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, ప్లగ్గును దానికి దూరంగా ఉంచండి. చిటపటమనే నీలం మెరుపు మంచిది. సన్నటి పసుపు రంగు అయితే కాయిల్, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో చెమ్మ, రోటర్ పగుళ్లు వరసగా చూడాలి. వానాకాలం పొద్దుటి పూట మాత్రమే మొరాయించే బండికి ముందుగా క్యాప్ లోపల పొడిబట్టతో తుడవండి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో ప్లగ్గు వైరును గాల్లో వదిలి సెల్ఫ్ కొట్టొద్దు, మాడ్యూల్ పోతుంది. తొలినాటి ఇంజెక్షన్ బండ్లలో తాళం ఆన్ చేయగానే పెట్రోల్ పంపు కాసేపు గుయ్యిమనాలి. అనకపోతే దాని రిలే, ఫ్యూజు చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదలాలి. చచ్చినట్టు పడి ఉంటే క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టేది) మీద అనుమానం పెట్టుకోవచ్చు.

సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అంటుకుంటుంది, తాళం వదలగానే ఆరిపోతుంది!

ఈ లక్షణం చెప్పగానే లోపం తెలిసిపోతుంది. బలాస్ట్ రెసిస్టర్ తెగింది. కొన్ని పాత బండ్లలో కాయిల్‌కి మామూలు నడకలో ఈ రెసిస్టర్ గుండా తగ్గించిన వోల్టేజీ వెళ్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం పక్కదారిలో నిండు బ్యాటరీ వోల్టేజీ అందుతుంది. రెసిస్టర్ తెగితే పక్కదారి ఒక్కటే మిగులుతుంది. తలకిందులుగా, పక్కదారి తెగితే తోసినప్పుడు ఇట్టే అంటుకునే బండి సెల్ఫ్ మీద మాత్రం సతాయిస్తుంది.

రెసిస్టర్ తీసేసి నేరుగా కలపడం పరిష్కారం కాదు. బలాస్ట్ కాయిల్ ప్రైమరీ సుమారు 1.5 ఓమ్, మామూలు కాయిల్ 3 ఓమ్ ఉంటుంది. మొదటిదానికి నేరుగా 12 వోల్టులు ఇస్తే కాయిల్ ఉడికిపోతుంది, పాయింట్లు కాలతాయి. కాయిల్ మార్చేటప్పుడు కూడా ఏ రకమో చూసుకునే కొనండి.

రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోతోంది.

బ్యాటరీ తానే పోయిందా, ఏదైనా తాగేస్తోందా తేల్చాలి. ఎర్త్ క్లాంపు తీసి పడుకోండి. పొద్దున వోల్టేజీ అలాగే ఉంటే బండిలో ఏదో తాగుతోంది. అప్పుడు మీటర్‌ని 10 ఆంప్స్ మీద పెట్టి మైనస్ స్తంభానికీ తీసిన క్లాంపుకీ మధ్య కలపండి. తలుపులు మూసి ఉండాలి, తాళం తిప్పకూడదు, తిప్పితే మీటర్ ఫ్యూజు పోతుంది. 50 మిల్లీఆంప్స్ లోపుంటే ఫర్వాలేదు. కంప్యూటర్లు లేని బండిలో అయితే గడియారానికి తప్ప దాదాపు సున్నా ఉండాలి. డిక్కీలో ఆరని 5 వాట్ల దీపం ఒక్కటే రోజుకు 10 ఆంపియర్ అవర్స్ తాగుతుంది, అయిదు రోజుల్లో 50 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ ఖాళీ.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటర్ చూడండి. దేన్ని తీస్తే పడిపోతుందో ఆ దారిలో వెతకాలి. ఏది తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసేది) మీద చెయ్యి పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో అది గోరువెచ్చగా ఉంటే లోపల డయోడ్ పోయింది.

ఛార్జింగ్ అవుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంజన్ కాస్త వేగంగా నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, లైట్లు వేసినా పెద్దగా పడిపోకూడదు. ఆల్టర్నేటర్ బదులు పాత రకం డైనమో ఉన్న బండ్లు ఐడిలింగ్‌లో దాదాపు ఛార్జి చేయవు, అది లోపం కాదు. నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు పీకి చూసే పాత అలవాటు ఆల్టర్నేటర్ బండి మీద ప్రయోగించకండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు, రెగ్యులేటర్ పోతాయి.

జంపర్ కేబుల్స్ ఏ వరసలో పెట్టాలి?

మైనస్ ఎర్త్ బండ్లకు (బ్యాటరీ మైనస్ బాడీకి కలిపినవి) ఇదీ వరస: దిగిన బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ ప్లస్, మంచి బ్యాటరీ మైనస్, ఆఖరి క్లిప్పు దిగిన బండి ఇంజన్ ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి క్లిప్పు దగ్గర మెరుపు వస్తుంది, బ్యాటరీ పైన హైడ్రోజన్ ఉంటుంది, ఈ రెండూ కలవకూడదు. తీసేటప్పుడు తిరగేసిన వరస. పగిలిన బ్యాటరీకీ, గడ్డకట్టిన దానికీ జంప్ ఇవ్వొద్దు.

తోసి స్టార్ట్ చేయొచ్చా?

మాన్యువల్ గేరు బండి అయితే చేయొచ్చు. ఆటోమేటిక్‌కి కుదరదు. క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ పొగను శుభ్రం చేసేది) ఉంటే మంట అంటుకోని పెట్రోల్ దానిలోకి చేరి పాడుచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉంటే ఆల్టర్నేటర్ బండిని ఎంత తోసినా లాభం లేదు, కాయిల్‌కీ ఆల్టర్నేటర్ ఫీల్డ్‌కీ మొదటి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. డైనమో బండి నయం, దాని ఇనుములో మిగిలిన అయస్కాంత బలంతో తానే మొదలుపెట్టుకోగలదు.

నాది 6 వోల్టుల బండి. ఇవే అంకెలు వర్తిస్తాయా?

పద్ధతి అదే, అంకెలు సగం. 1960ల మధ్య దాకా వచ్చిన బీటిల్ లాంటి వాటిలో 6 వోల్టులే. అంతే పనికి రెట్టింపు కరెంటు కావాలి, కాబట్టి జాయింట్లు ఇంకా శుభ్రంగా, కేబుళ్లు ఇంకా లావుగా ఉండాలి. 12 వోల్టుల కేబుల్ తెచ్చి వేస్తే ఈడుస్తూనే తిరుగుతుంది. 1960ల నాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి ప్లస్ వైపు ఎర్త్ ఉండేది. అలాంటి బండికి జంప్ ఇచ్చే ముందు బాడీకి ఏ స్తంభం కలిపి ఉందో కళ్లతో చూడండి, రంగుల్ని నమ్మకండి.

ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే ఏం చెప్పాలి?

"స్టార్ట్ అవ్వట్లేదు" అనకుండా అంకెలు చెప్పండి. ఆగినప్పుడు బ్యాటరీ ఎంత, తిప్పినప్పుడు ఎంత, ప్లస్ వైపు డ్రాప్, ఎర్త్ వైపు డ్రాప్, 50 టెర్మినల్ దగ్గర ఎంత. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, వాన పడ్డాకా అన్నది కూడా. ఒక చీటీ మీద రాసి సెల్ఫ్ మీదే అంటించి ఇచ్చినా తప్పులేదు, నేను అలాగే చేస్తాను.